బయటికి తిరిగే గిన్నెల పంజరం: క్వేకర్ చిలుకతో ఎనిమిది నెలల అనుభవం

హనుమకొండలో పక్షులు, పంజరాలు అమ్మే ఒక దుకాణంలో పోయిన ఆషాఢ మాసంలో మేము కొన్న పంజరం గురించి రాస్తున్నాను. దుకాణంలో దీన్ని ‘గిన్నెలు బయటికి తిరిగే పంజరం’ అంటారు. వెడల్పు 32 అంగుళాలు, లోతు 20, లోపలి ఎత్తు 36. కింద చక్రాల స్టాండు ఉంది. ధర 14,500 రూపాయలు, వడ్డేపల్లిలోని మా ఇంటికి ట్రాలీ ఆటోలో చేర్చినందుకు మరో 400. ఒక చిలుక కోసం ఇంత డబ్బు పెట్టడం మా ఇంట్లో మొదట ఎవరికీ నచ్చలేదు. కానీ పాత పంజరంలో చేయి పెట్టిన ప్రతివారినీ మా టింకూ రక్తం వచ్చేలా కొరుకుతుండడంతో వేరే దారి కనిపించలేదు. పంజరం దగ్గర మాత్రమే కోపం చూపే చిలుకలు చాలా ఇళ్లలో ఉంటాయి కాబట్టి, ఈ పంజరం ఆ కోపాన్ని తగ్గించడానికి ఎంతవరకు పనికొచ్చిందో, ఎక్కడ పనికిరాలేదో వివరంగా చెప్పడం అవసరమనిపించింది.

టింకూది క్వేకర్ జాతి. మాంక్ పారకీట్ అన్నా ఇదే. ఒళ్లంతా పచ్చగా, ముఖమూ రొమ్మూ బూడిద రంగులో ఉంటాయి. తోకతో కలిపి అడుగుకు కాస్త తక్కువ పొడవు, వంద గ్రాములకు అటూ ఇటూగా బరువు. వీటి స్వస్థలం దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా, ఉరుగ్వే, పరాగ్వే, బ్రెజిల్ దక్షిణ భాగం. మన జామచెట్ల మీద వాలే రామచిలుకను పట్టి పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని తెలియనివారు మా వీధిలోనే ఉన్నారు కనుక ఆ మాట ఇక్కడ చెప్పడం మంచిది. క్వేకర్ సైటిస్ ఒప్పందం (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్న పక్షి. అటువంటి వాటిని 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మేము చేయించాం.

పిల్లగా వచ్చిన ఈ చిలుక ఏడాదిన్నర వయసు దాటేవరకు భుజం దిగేది కాదు. వేసవి సెలవుల్లో ఒకరోజు వరండాలో ఉన్న కొబ్బరి చీపురు నుంచి ఒక ఈనె లాక్కొని పంజరంలోకి వెళ్లింది. ముద్దుగా ఉందని మా పాప మరికొన్ని ఈనెలు ఇచ్చింది. వారం తిరిగేసరికి పంజరం వెనుక మూలలో కమ్మీల సందుల్లోంచి వాటిని ఒకటి లోపలికి, ఒకటి బయటికి దూర్చి చాప అల్లినట్టు అల్లేసింది. ఈనె కొనను ముక్కుతో పట్టుకొని కమ్మీ అవతలికి నెట్టి, తల వంచి అదే కొనను ఇవతలికి లాగి, బిగిసిందో లేదో ఒకసారి కదిపి చూసుకొని, ఆ తర్వాతే రెండో ఈనె అందుకునేది. దాని ఓపికను చూసి మేమంతా మురిసిపోయాం. పంజరం తుడవడానికి మా అత్తమ్మ ఆ ఈనెలను లాగబోయిన రోజున ఆమె బొటనవేలు గోరు పక్కన లోతుగా కొరికి, విదిలించినా వదలలేదు. ‘ఏందే బిడ్డా, మనం పెట్టిన ఇంట్ల మనల్నే రానిస్తలేదు’ అన్నది ఆమె, వేలికి పసుపు అద్దుకుంటూ. ఆ మాటలో ఉన్న నిజం నాకు తర్వాత అర్థమైంది.

చిలుకల్లో చాలా జాతులు చెట్టు తొర్రల్లో గుడ్లు పెడతాయి. క్వేకర్ మాత్రం పుల్లలు తెచ్చి చెట్టు మీద పెద్ద గూడు కడుతుంది. ఎన్నో జంటలు ఒకే కట్టడంలో ఎవరి గది వాళ్లు కట్టుకొని, గుడ్లు పెట్టే కాలంలోనే గాక ఏడాది పొడుగునా అందులోనే నిద్రపోతాయి. అలాంటి పక్షికి గూడంటే బతుకంతా అదే. మా టింకూ తనకు దొరికిన ఇనుప డబ్బాను గూడు చేసుకొంది; ఆ గూటిలోకి వచ్చే చేయి ఎవరిదైనా దానికి దొంగ చేయే. బయట భుజం మీద వాలినప్పుడు అదే చేతిని ఎంతో ప్రేమగా గీరించుకొనేది. కాబట్టి ఇది పొగరని గానీ, మనిషి మీద పగ అని గానీ అనుకోవడం తప్పు. అయితే ఉన్నట్టుండి కొరకడం మొదలుపెట్టిన పక్షికి నొప్పో జబ్బో ఉండే అవకాశం కూడా ఉంటుంది. అందుకే పంజరం కొనడానికి ముందే పశువైద్యుడికి చూపించాను. రెట్ట, బరువు, ముక్కు, రెక్కలు అన్నీ చూసి ఆరోగ్యంగానే ఉందని చెప్పిన తర్వాతే దుకాణానికి వెళ్లాను.

దుకాణదారు పంజరాన్ని చూపించిన తీరు బాగుంది. ‘మేడం, దీంట్ల చెయ్యి పెట్టే పనే లేదు. గిన్నె బయటికి తిప్పుడు, గింజలు పోసుడు, మల్ల లోపలికి తిప్పుడు, గంతే’ అన్నాడు. ఆ మాట అక్షరాలా నిజం. పంజరం పక్కల్లో అరచేయంత తలుపులు మూడు ఉన్నాయి. ప్రతి తలుపుకూ లోపలి వైపు ఒక రింగు, అందులో స్టీలు గిన్నె. గొళ్ళెం ఎత్తి తలుపును మన వైపు లాగితే గిన్నె కూడా దానితో పాటే బయటికి వచ్చేస్తుంది. నీళ్లు మార్చడం, మిగిలిన పొట్టు పారబోయడం, గింజలు పోయడం అంతా కమ్మీల ఇవతలే జరిగిపోతుంది. పాత పంజరంలో ఇదే పనికి చేయి మోచేతి దాకా లోపలికి పోయేది, రోజుకు నాలుగుసార్లు. కింది ట్రే కూడా బయటినుంచే లాగవచ్చు. ట్రే మీద జాలీ ఉండటం వల్ల కింద పడ్డ పుల్లలూ కాగితాలూ పక్షికి అందవు. గూడు కట్టే అలవాటున్న క్వేకర్‌కు ఇది చాలా అవసరమైన ఏర్పాటు. కమ్మీల మధ్య ఎడం అర అంగుళం కంటే కాస్త ఎక్కువ, ఈ సైజు చిలుక తల ఇరుక్కోదు.

అదే దుకాణదారు ఇచ్చిన సలహాలు మాత్రం పంజరానికి ఉన్న మంచిని పాడుచేసేవి. రెక్కలు కత్తిరిస్తే అణిగి ఉంటుందన్నాడు. ఎగిరి తప్పించుకునే దారి లేని పక్షికి భయం వేసినప్పుడు మిగిలే ఆయుధం ముక్కే. రెక్కలు కత్తిరించిన చిలుక మరింత కొరకడానికి కారణం అదే. తోలు గ్లౌజులు తొడుక్కొని పట్టుకోమన్నాడు. గ్లౌజు చేతిని చూసి బెదిరిన పక్షి ఉత్త చేతిని నమ్మడానికి తర్వాత ఎంతకాలం పడుతుందో అతను చెప్పలేదు. అన్నిటికంటే నష్టం చేసింది పంజరంతో పాటు ఉచితంగా ఇచ్చిన బొచ్చుగుడ్డ గుడిసె. ‘రాత్రి దీంట్ల మంచిగ పండుకుంటది’ అన్నాడు. మేమూ నమ్మి వేలాడదీశాం. చీకటిగా, ఇరుకుగా ఉండే అలాంటి చోటు చిలుకకు గుడ్లు పెట్టే తొర్రలాంటిది. దానితో గూటి కాపలా బుద్ధి మరింత పెరుగుతుంది. పైగా ఆ గుడ్డ పోగులను చిలుకలు కొరికి మింగే ప్రమాదం, కాళ్లకు చుట్టుకునే ప్రమాదం ఉన్నాయి. మూడు రోజుల్లో టింకూ పంజరం ముందు నుంచి నడిచే వాళ్ల మీదికి కూడా కమ్మీలు పట్టుకొని దూకింది. గుడిసె తీసేశాక వారానికి ఆ దూకడం తగ్గింది. ఉచితమని ఇచ్చినా ఆ గుడిసెను ఇంటికి తేవద్దని చదివేవారికి గట్టిగా చెబుతున్నాను.

ఇక అసలు విషయం. గిన్నెలు బయటికి తిరగడం వల్ల ఇంట్లో వేళ్లకు రక్షణ దొరికింది. చిలుకకు అంతకంటే పెద్ద మేలు జరిగింది. చేయి లోపలికి రావడం, కొరకడం, చేయి వెనక్కి పోవడం అన్న వరుస జరిగిన ప్రతిసారీ ‘కొరికితే దొంగ పారిపోతాడు’ అన్న పాఠం దానికి మరింత గట్టిపడుతుంది. మా పాత పంజరం రోజుకు నాలుగుసార్లు ఆ పాఠం నేర్పింది. కొత్త పంజరంలో ఆ పాఠానికి సందర్భమే రాలేదు. పాత అలవాటు మరుపున పడటానికి ముందు దాన్ని రోజూ సాధన చేయనివ్వకుండా ఆపాలి; ఆ పనిని ఈ పంజరం నూటికి నూరు పాళ్లు చేసింది. కానీ అంతటితో ఊరుకున్న మొదటి నెలలో ఒక సంగతి గమనించాను. బయటినుంచి తిండి వస్తోంది, ఎవరూ లోపలికి రావడం లేదు, పక్షి తన కోటలో హాయిగా ఉంది. కోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. గిన్నెను తిప్పే వేళ్ల మీదికి కూడా ముక్కు చాచడం మొదలుపెట్టింది. అంటే ఈ పంజరం మనకు కొంత వ్యవధి ఇస్తుందే గానీ, ఆ వ్యవధిలో చేయవలసిన శిక్షణ మనమే చేయాలి.

మేము చేసింది టార్గెట్ ట్రైనింగ్. జానెడు వెదురు పుల్లను కమ్మీల బయట కొద్ది దూరంలో పట్టుకోవాలి. చిలుక కుతూహలంతో వచ్చి దాని కొనను ముక్కుతో తాకిన క్షణంలోనే ‘సరే’ అని ఒకే మాట, ఒకే గొంతుతో అని, బయటికి తిప్పే గిన్నెలో తాయిలం వేయాలి. ఐదు నిమిషాలకు మించకుండా రోజుకు రెండుసార్లు చేశాం. తాయిలం ఆ సమయంలో తప్ప మరెప్పుడూ దొరకకూడదు. మొదట కొర్ర కంకులు తుంచి వేశాం. తర్వాత టింకూకు అంతకంటే ఇష్టమైనది దొరికింది. ఎనుమాముల మార్కెట్ నుంచి మామయ్య తెచ్చిన ఎండు చపాటా మిర్చి. మిరపలో మంట పుట్టించే పదార్థం పక్షులకు మంటగా తగలదు. మనం నోట పెట్టలేని గింజలను అవి పల్లీల్లా నములుతాయి. కాయను చీల్చి రెండేసి గింజలు తాయిలంగా వేసేవాళ్లం. మిర్చి ముట్టిన చేయి కంటికి తగలకుండా జాగ్రత్త పడాలి, పిల్లలున్న ఇంట్లో మరీను.

పుల్లను తాకడం అలవాటయ్యాక దాన్ని పంజరం ఒక మూల నుంచి మరో మూలకు, అక్కడినుంచి ముందు తలుపు దగ్గరికి జరిపాం. ఈ పంజరం ముందు తలుపు చాలా పెద్దది, దాదాపు ముందు భాగం సగం. అది పూర్తిగా వెనక్కి తెరుచుకొని పక్క కమ్మీలకు ఆని నిలుస్తుంది. ఆ తెరిచిన తలుపుకు బయటి వైపు ఒక జామ కొమ్మను మరతో బిగించాం. చిలుక తనంతట తాను పుల్ల వెంట వచ్చి ఆ కొమ్మ మీద వాలడానికి పన్నెండు రోజులు పట్టింది. అక్కడినుంచి రెండడుగుల దూరంలో పక్షి వాలడానికి విడిగా పెట్టిన స్టాండు మీదికి రావడానికి ఇంకో పది రోజులు. స్టాండు దాని గూడు కాదు కనుక అక్కడ కోపం లేదు. చేతి మీదికి ఎక్కించుకోవడం, తల గీరడం, ఆడించడం అన్నీ స్టాండు దగ్గరే చేశాం. లోపల శుభ్రం చేసే పని పక్షి స్టాండు మీద ఉన్నప్పుడే, అది చూడకుండా. పాత పంజరపు చిన్న తలుపులోంచి పక్షిని బయటికి రప్పించాలంటే చేత్తో లాగడం తప్ప వేరే మార్గం ఉండేది కాదు. అందుకని నా దృష్టిలో ఈ పంజరంలో గిన్నెల కంటే విలువైనది ఈ తలుపే, దుకాణదారు దాని గురించి ఒక్క మాట చెప్పకపోయినా.

శిక్షణ సాగుతున్నంతకాలం పక్షి ఒంటి భాషను చదవడం నేర్చుకున్నాం. కొరకబోయే ముందు టింకూ కంటిపాప చుక్కంత చిన్నదై మళ్లీ పెద్దదవుతుంది, మెడ వెనుక ఈకలు నిక్కబొడుచుకుంటాయి, ఒళ్లు సాగదీసి తల ముందుకు వంచుతుంది. ఆ గుర్తు కనిపించగానే ఆగిపోయి, పుల్లను మెల్లగా దూరం జరిపేవాళ్లం. చిలుక వద్దు అని ఒంటితో చెప్పినప్పుడు మనం విన్నట్టయితే ముక్కుతో చెప్పవలసిన పని దానికి ఉండదు. అరవడం, ముక్కు మీద తట్టడం, ముఖం మీద ఊదడం ఎవరూ చేయకూడదని ఇంట్లో నియమం పెట్టాను. దీపావళికి వచ్చిన బంధువుల పిల్లవాడు కమ్మీల్లోంచి వేలు పెట్టి ఆడించిన మూడు రోజులతో మూడు వారాల శ్రమ వెనక్కి పోయింది. మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాం, ఈసారి వారంలోనే కోలుకుంది.

చక్రాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. శుభ్రం చేసే సౌకర్యం కోసం చక్రాలనుకున్నాను. కానీ పంజరాన్ని అప్పుడప్పుడు హాల్లోంచి లోపలి గదిలోకి మార్చడం, అదే రోజున లోపలి కర్రలూ ఆటవస్తువులూ స్థానం మార్చి పెట్టడం చేస్తే, టింకూ ఆ ఒకటి రెండు రోజులు తన హద్దుల గురించి అంత పట్టుదల చూపలేదు. అయితే పిరికి పక్షులకు ఈ మార్పు దిగులు కలిగిస్తుంది, చూసి చేయాలి. ఈనెలు పూర్తిగా మాన్పించలేదు. అల్లడం దాని సహజమైన పని. వాటిని స్టాండు దగ్గర పగలు మాత్రమే ఇచ్చి సాయంత్రం తీసేస్తున్నాం, పంజరంలోకి ఒక్క ఈనె కూడా పోనివ్వడం లేదు. అలాగే టీవీ ఉన్న హాల్లో రాత్రి పదకొండు దాకా వెలుగులో ఉండే పక్షిని ఏడున్నరకల్లా చీకటి గదిలోకి చక్రాల మీద తోసుకెళ్లి పన్నెండు గంటల నిద్ర ఇస్తున్నాం. ఎక్కువసేపు వెలుగు చూసే చిలుకకు జతకట్టే కాలం వచ్చినట్టే అనిపిస్తుంది, కోపమూ దానితోనే పెరుగుతుంది.

ఇప్పుడు లోపాలు. పెద్దది గిన్నె తలుపుల గొళ్ళెం. నాలుగో నెలకే మూడింటిలో ఒకటి వదులైంది. క్వేకర్‌లు తలుపులు తెరవడంలో మహా నేర్పరులు. టింకూ లోపలినుంచి గిన్నెను తలతో నెడుతూ గొళ్ళెం ఎగిరేదాకా ఊపి, ఒక మధ్యాహ్నం బయటికి వచ్చి వంటగది గట్టు మీద కనిపించింది. పొయ్యి మీద ఏమీ లేదు గనుక గండం గడిచింది. ఆ రోజు నుంచి మూడు తలుపులకూ చిన్న స్టీలు కొక్కేలు వేశాను. రెండోది రంగు. కమ్మీల మీది పౌడర్ కోటింగ్ ముందు తలుపు కింది మూలలో పెచ్చులుగా లేచింది. కింద జింకు పూత ఉంటే దాన్ని నమిలిన పక్షికి విషమవుతుంది కాబట్టి ఇది అందానికి సంబంధించిన ఫిర్యాదు కాదు. దుకాణానికి వెళ్తే మొదట ‘పిట్ట కొరికితే మేమేం చేస్తం’ అన్నారు. కొరకడానికే పుట్టిన పక్షి కోసం అమ్మే వస్తువు గురించి ఆ జవాబు నాకు చాలా బాధ కలిగించింది. రెండోసారి ఫొటోలతో వెళ్లి గట్టిగా అడిగాక తలుపు మార్చి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. లోపల ఇచ్చిన రెండు కర్రలూ నున్నగా, ఒకే లావున ఉన్నాయి. వాటితో కాళ్లకు పుండ్లు పడే ప్రమాదం ఉంటుంది కనుక తీసేసి, లావూ సన్నమూ కలిసిన జామ కొమ్మలు కడిగి, ఎండబెట్టి వేశాం. ట్రే లాగినప్పుడు పెద్ద చప్పుడు వస్తుంది. దాని అంచులకు గుడ్డ పట్టీ అంటించాక తగ్గింది.

ఎనిమిది నెలల తర్వాత ఇప్పటి స్థితి ఇది. పక్షి లోపల ఉన్నప్పుడు నేనూ మా పాపా తలుపు తెరిచి పుల్ల చూపిస్తే తనంతట తానే బయటి కొమ్మ మీదికి వస్తుంది. అత్తమ్మ గిన్నెలు తిప్పుతుంటే కర్ర మీద కూర్చొని చూస్తుంది, మీదికి రాదు. ఆమె వేలు కొరికించుకొని ఆరు నెలలు దాటింది. అయినా లోపల కూర్చున్న పక్షి దగ్గరికి చేయి పోనివ్వడం మేమెవ్వరం చేయం. అవసరం లేనప్పుడు దాని గూటిలోకి చొరబడటం ఎందుకు? కోపం పూర్తిగా పోయిందని అనను. ఎండలు ముదిరే కొద్దీ చీపురు ఈనెల కోసం వెతుకులాట మళ్లీ ఎక్కువైంది, మేమూ నిద్ర వేళల విషయంలో మరింత జాగ్రత్తగా ఉన్నాం.

రోజూ పది నిమిషాలు శిక్షణకు కేటాయించగలిగే ఇంటికి, క్వేకర్, సన్ కాన్యూర్ వంటి మధ్యస్థ సైజు చిలుకకు ఈ పంజరం పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. లవ్‌బర్డ్స్‌కూ బడ్జీలకూ కొనవద్దు, కమ్మీల ఎడం వాటికి ఎక్కువ. కొనేవారు దుకాణంలోనే మూడు గిన్నెల తలుపులనూ ఒక్కొక్కటి పదేసిసార్లు తెరిచి మూసి, లోపలినుంచి వేలితో నెట్టి చూడండి. గొళ్ళెం ఏ ఒక్కటి ఎగిరినా వేరే పంజరం దింపించమనండి.